కజ్జికాయలో ఖీమా, గ్లాసులో ఎర్ర వైన్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక్కదానికంటే ఒక్కదానికీ పేరు లేదబ్బా. పోయిన్నెల జొన్నరొట్టె గురించి అడిగినోళ్ళు ఊరు, వీధి, ఇంటిపేరు, కొందరైతే ఫొటో కూడా పంపినారు. ఈసారి పెద్దకూర ఒక పక్క, మందు ఒక పక్క, రెండూ ఒకే ప్లేట్ ముందరికి వచ్చేసరికి అందరిదీ ఒకే మాట, "పేరు వెయ్యొద్దన్నా". సరే వెయ్యను. ఊరి పేరు మాత్రం వేస్తా, ఎందుకంటే ఊరు తెలియకపోతే కారం ఎంతో తెలీదు, కారం ఎంతో తెలియకపోతే వైన్ గురించి నేను చెప్పేదేమీ లేదు.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. నేను బెంగుళూరులో ఒక హోటల్లో 11 ఏళ్ళు పని చేసినా, మొదట ప్లేట్లు మోసినా, తర్వాత బాటిళ్ళు మోసినా, ఇప్పుడు అనంతపురంలో కూర్చోని మీ ఉత్తరాలు మోస్తాండా. 21 నిండనోళ్ళు ఈ పేజీ తిప్పేసి పక్క పేజీలో ఓళిగల సంగతి చదువుకోండి.

ప్రశ్న (కర్నూలు): అన్నా, నేను సాఫ్ట్‌వేర్. పోయినేడు కంపెనీ పని మీద మూడు నెలలు అర్జెంటీనా పోయినా. అక్కడ ఎంపనాడా అని ఉంటుంది, అచ్చం మన కజ్జికాయే, లోపల కొబ్బరి బదులు బీఫ్ ఖీమా. దాంతో మాల్బెక్ అనే ఎర్ర వైన్ ఇస్తారు, ఆ జోడీ ఇంకా నాలిక మీదనే ఉంది. వస్తా వస్తా ఒక బాటిల్ తెచ్చుకుని, ఇంటికాడ మా అత్త చేత ఖీమా కజ్జికాయలు చేయించినా. ఒక ముక్క కొరికి వైన్ తాగితే నోరంతా మంట, చేదు, వగరు. బాటిల్ పాడయిందా, నా నోరు పాడయిందా?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. పాడు చేసింది మీ అత్త అని రాస్తే రేపు ఆమె పత్రిక ఆఫీసుకే వస్తుంది, కాబట్టి సరిగ్గా చెప్తా. ఆమె కర్నూలుకి తగ్గట్టు చేసింది, బాటిల్ అర్జెంటీనాలో మెండోసా నుంచి వచ్చింది, ఇద్దరికీ పరిచయం లేదు.

చాలామంది బీఫ్ అంటే బరువైన రెడ్ వైన్ అని ఒక లెక్క పెట్టుకుంటారు. స్టేక్ తినేటప్పుడు ఆ లెక్క బాగానే పనిచేస్తుంది, అక్కడ మాంసం ముక్క, ఉప్పు, మిరియాలు తప్ప ఇంకేం లేదు కదా. పిండిలో చుట్టిన ఖీమా కథ వేరు. నోట్లోకి మొదట వచ్చేది పిండిలో ఉండే కొవ్వు, తర్వాత మసాలా, తర్వాత కారం, మాంసం చిట్టచివర. అందుకే వైన్‌ని మాంసం చూసి కాదు, పైన పొర చూసి, లోపల కారం చూసి ఎంచుకోవాలి. ఈ నెల మిగతా జవాబులన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి, ముందే చెప్పేస్తున్నా.

మీరు అక్కడ తిన్న ఎంపనాడా గుర్తు తెచ్చుకోండి. పిండి కలిపేది పశువు కొవ్వుతో. లోపల ఖీమాకి దాదాపు సమానంగా ఉల్లిపాయ, జీలకర్ర, పప్రికా పొడి, ఉల్లికాడలు, ఉడికించిన గుడ్డు, ఆలివ్ కాయ. సాల్టా వైపు ఆలుగడ్డ కూడా వేస్తారు, తుకుమాన్ వైపు ఖీమా మెషీన్‌లో వెయ్యకుండా కత్తితోనే సన్నగా కొడతారు. అంచు మెలిక తిప్పడాన్ని రెపుల్గే అంటారు, కొన్ని అంగళ్ళలో ఆ మెలిక చూసే లోపల బీఫా, కోడా, చీజా అని గుర్తుపడతారు, మన పెద్దోళ్ళు కజ్జికాయ అంచు చూసి ఇది ఎవరింటి నుంచి వచ్చిందో చెప్పినట్టు. వీటన్నిట్లో గమనించాల్సింది పప్రికా. దానికి రంగు ఉంటుంది, వాసన ఉంటుంది, కారం ఉండీ లేనట్టే. మీ అత్త వేసింది మన ఎండుమిరపకాయ కదా, అది ఊరుకుంటుందా?

మంట అనేది నిజానికి రుచి కాదు. మిరపలో క్యాప్సైసిన్ ఉంటుంది, నోట్లో వేడిని పసిగట్టే నరాల్ని అది తట్టి లేపుతుంది, నోరు కాలినట్టు అనిపిస్తుంది. ఆల్కహాల్ కూడా ఆ నరాల్నే రెచ్చగొడుతుంది. మాల్బెక్‌లో ఆల్కహాల్ మామూలుగా 13.5 నుంచి 14.5 శాతం దాకా ఉంటుంది. అంటే మీరు మంట మీద వైన్ పోసి ఆర్పాలనుకున్నారు, అది కిరసనాయిలు పని చేసింది. క్యాప్సైసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది కదా, కడుక్కుపోవాల కదా అని అడుగుతారేమో, వైన్‌లో దాదాపు 85 శాతం నీళ్ళే, ఆ కాస్త ఆల్కహాల్ దాన్ని కడగలేదు, గెలుకుతుంది అంతే. దానికి తోడు కారం తిన్న నోట్లో వగరు, చేదు ఇంకా గట్టిగా తెలుస్తాయి, పండు రుచి వెనక్కి పోతుంది.

నాకు నమ్మకం కుదరాలంటే కళ్ళ ముందు జరగాలి. పోయిన ఆదివారం అరకేజీ ఖీమా తెచ్చి రెండు గిన్నెల్లో సగం సగం వండినా. ఒకదాంట్లో ఇంట్లో దంచిన కారం రెండు చెంచాలు, గరం మసాలా, పచ్చిమిర్చి, అంటే మనం రోజూ తినేట్టు. రెండోదాంట్లో బ్యాడిగి మిరప పొడి, జీలకర్ర, సమానంగా ఉల్లిపాయ, గుడ్డు ముక్కలు. పాతూరులో నాకు తెలిసిన బేకరీ అబ్బాయిని అడిగితే కాల్చని పఫ్ పిండి పొరలు ఒక షీట్ ఇచ్చి, "ఎందుకన్నా" అని అడిగి, చెప్పినాక నవ్వి, కాల్చేది కూడా మా ఓవెన్‌లోనే కాల్చుకుపో అన్నాడు. రెండు రకాలూ ఒకటే ట్రేలో పెట్టినాం, కలిసిపోకుండా కారం రకానికి పైన గాటు పెట్టినా.

మొదట గాటు పెట్టింది కొరికి, నాసిక్ వైపు షిరాజ్ అనే ఎర్ర వైన్, ఓక్ చెక్క పీపాలో ఉంచిన గట్టి రకం, ఒక గుక్క తాగినా. మీరు చెప్పిందే. నాలిక అంచులు కాలినట్టు, గొంతులో కట్టె నమిలిన చేదు. మా ఇంటామె ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసి మజ్జిగ తెచ్చుకుంది, ఆమె తప్పేం లేదు, మజ్జిగలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుని లాక్కుపోతుంది, అది చేసే పని ఏ వైనూ చెయ్యలేదు. తర్వాత గాటు లేనిది కొరికి అదే షిరాజ్ తాగితే అదే బాటిలేనా ఇది అనిపించింది. నేరేడు పండు వాసన, కాస్త మిరియం, పొరల్లో కొవ్వు కరిగిపోయి నోరు శుభ్రంగా అయింది, ఇంకో ముక్క తిందామనిపించింది. గ్లాసు అంచున ఎర్రగా నూనె చుక్క ఒకటి అంటుకుని ఉంది, దాన్ని చూస్తా ఉంటే మీ ఉత్తరానికి జవాబు దొరికింది అనుకున్నా.

కాబట్టి మీకు రెండు దారులు. వైన్ మార్చొద్దు అనుకుంటే మిరప మార్చండి. బ్యాడిగి వాడండి, రంగు పప్రికా లాగే వస్తుంది, కారం మన రకాల కన్నా బాగా తక్కువ. కర్నూలు జిల్లా రైతులు ఆ పంట పండించి బ్యాడిగి మార్కెట్‌కే తోలతారు కాబట్టి మీకు దొరకడం కష్టం కాదు. లేదు, మా అత్త కారం మారదు, నేను మార్చమని అడగను అంటారా, అది ఇంకా తెలివైన పని, అప్పుడు వైన్ మార్చండి. ఆల్కహాల్ తక్కువ, వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ ఉండే తేలిక రెడ్, కొంచెం చల్లగా. ఓక్ వాసన గట్టిగా ఉండేవి మాత్రం మన మసాలా దగ్గరికి రానియ్యొద్దు.

ఇంకో ముచ్చట చెప్పి వదిలేస్తా. మాల్బెక్ అసలు పుట్టింది ఫ్రాన్స్‌లో, కాహోర్ వైపు. 1853లో మెండోసాలో ఒక వ్యవసాయ పాఠశాల పెట్టి మిషెల్ పూజే అనే ఫ్రెంచాయన్ని పిలిపిస్తే ఆయన ఫ్రెంచి తీగలు తెప్పించి నాటించినాడు, అక్కడ అవి సొంతూర్లో కన్నా బాగా కుదురుకున్నాయి. మెండోసాలో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మన అనంతపురానికి 550 దాకా పడుతుంది, మనం కరువు జిల్లా అంటాం! వాళ్ళకి ఆండీస్ కొండల మంచు కరిగి కాలవల్లో వస్తుంది, మనకి కాలవలు ఉన్నాయి, పైన మంచు లేదు.

ప్రశ్న (కడప): అన్నా, మీరు మాటిమాటికీ టానిన్ టానిన్ అంటారు. నాకు వైన్ కొత్త, ఇంగ్లీషు అంత రాదు. టానిన్ అంటే ఏంది, మన మాటల్లో చెప్పండి.

జవాబు: వగరమ్మా. ఇంగ్లీషోళ్ళకి దానికి సరైన ఇంటిమాట లేక తిప్పలు పడతారు, మనకి షడ్రుచుల్లో ఒకటిగా ఉగాది పచ్చట్లోనే పెట్టి పోయినారు. నేరేడు పండు నాలుగు తిన్నాక నాలిక గరుకుగా అవుతుందే, పచ్చి అరటికాయ కోసినప్పుడు, వక్క నమిలినప్పుడు, స్టవ్ మీద మర్చిపోయి మరిగిపోయిన డికాషన్ తాగినప్పుడు చెంపలు లోపలికి లాగినట్టు అవుతుందే, అదే. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉంటుంది. రెడ్ వైన్‌ని తొక్కతో సహా పులియబెడతారు కాబట్టి అందులో ఎక్కువ, వైట్‌లో తొక్క తీసేస్తారు కాబట్టి తక్కువ. మన ఎంగిల్లో ఉండే జారుడు ప్రోటీన్లని వగరు పట్టుకుని ముద్ద చేస్తుంది, జారుడు పోయి గరుకు మిగులుతుంది.

ఇప్పుడు ఆ డికాషన్‌లో పాలు పొయ్యండి. వగరు తగ్గింది కదా? పాలల్లో ప్రోటీన్ దాన్ని ముందే పట్టేసుకుంది. మాంసంతో రెడ్ వైన్ మెత్తగా అనిపించేది కూడా అందుకే, కొవ్వూ ప్రోటీనూ ఉప్పూ కలిసి వగరుని మింగేస్తాయి. అయితే మన దగ్గర ఒక తిరకాసు ఉంది. ఇక్కడ 1977 చట్టం ప్రకారం ఆవునీ దూడనీ కొయ్యకూడదు, కాబట్టి బీఫ్ అని మనం కొనేది ఎక్కువగా ఎనుము మాంసం. అది రంగు ముదురు, కొవ్వు తక్కువ, నార కొంచెం గట్టి. వట్టి ఎనుము ఖీమా అంత వగరుని మింగలేదు, పైన పొరలో ఉండే డాల్డానో వెన్నో ఆ పని చెయ్యాల. ఖీమా కొట్టించేటప్పుడే కాస్త కొవ్వు ముక్క కలపమని మాంసం అంగడాయన్ని అడగండి, వైన్‌కీ మంచిది, ఖీమాకీ మంచిది, పొడిపొడిగా అవకుండా ఉంటుంది.

ప్రశ్న (అనంతపురం): రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు. మా రూమ్‌లో మే నెలలో ఫ్యాన్ కూడా వేడిగాలి కొడుతుంది. ఏం చేసేది సార్?

జవాబు: ఆ మాట పుట్టింది చలిదేశంలో రాతి ఇళ్ళల్లో, వాళ్ళ రూమ్ 16, 18 డిగ్రీలు. మన రూమ్ 38. ఆ వేడిలో వైన్ మూత తీస్తే ముక్కుకి కొట్టేది పండు వాసన కాదు, స్పిరిట్ వాసన. తాగే ముందు గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి, కరెంట్ లేకపోతే బకెట్‌లో ఐస్, నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి బాటిల్ ముంచండి, పావుగంట ఇరవై నిమిషాలు చాలు. ఐస్ ముక్కలు బాటిల్ చుట్టూ వట్టిగా పేరిస్తే పని కాదు, నీళ్ళు ఉండాల, నీళ్ళే చలిని బాటిల్‌కి అంటిస్తాయి. ఖీమా పఫ్‌తో తాగే తేలిక రెడ్ అయితే 14 డిగ్రీల దాకా చల్లబరిచినా తప్పు లేదు, కారం ఎక్కువుంటే నేనైతే అంతకన్నా చల్లగానే ఇస్తా. గ్లాసులో ఐస్ వేసుకుంటే నేనేమీ అనను గానీ ఉత్తరం మాత్రం రాయొద్దు.

స్టీల్ గ్లాసులో తాగొచ్చా అని కింద చిన్నగా రాసినారు. వాసన తెలీదు. చాయ్ గ్లాసు నయం.

ప్రశ్న (కడప): ఏడురోడ్ల కాడ సాయంత్రం ఐదుకి పఫ్‌లు వేడివేడిగా దొరుకుతాయి. బీఫ్ పఫ్ మాత్రం మా స్నేహితుడి ఇంట్లో చేసిందే. మా ఊరి వైన్ షాపులో బోర్డు మీద తప్ప లోపల వైన్ లేదు, అడిగితే "ఏ బ్రాందీ?" అంటాడు. ఒక మూల దుమ్ము పట్టిన తీపి వైన్ ఒకటి ఉంది. అది తాగొచ్చా? మంచిది ఏది కొనాల?

జవాబు: వైన్స్ అని బోర్డు పెట్టి వైన్ అమ్మని అంగడి మన తెలుగోళ్ళ సొంత కనిపెట్టుడు, దాని మీద ఇంకోసారి వివరంగా రాస్తా.

ముందు ఆ దుమ్ము బాటిల్ గురించి. వైన్ తెలిసినోళ్ళమని చెప్పుకునేవాళ్ళు తీపి రెడ్ పేరెత్తితే మూతి తిప్పుతారు. నేను తిప్పను. మన కారం ఖీమాకి తీపి వైన్ చేసే మేలు క్యాబర్నే అనే ఖరీదైన గట్టి రెడ్ చెయ్యలేదు, తీపి మంటని అణుస్తుంది, ఇది చట్నీలో బెల్లం వేసే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. నా ఆదివారం ప్లేట్‌లో గాటు పెట్టిన కారం పఫ్‌కి సరిగ్గా కుదిరింది నేను తెచ్చిన చవక తీపి రెడ్డే, బాగా చల్లగా, రెండు గుటకలు. మూడో గుటకకి వెగటు కొడుతుంది, అది వేరే సంగతి. ఒకటి మాత్రం చూడండి, మూల దుమ్ములో ఎండ తగిలే చోట నిలబెట్టిన బాటిల్ అయితే రంగు ఇటుక మాదిరి అయిపోయి ఉంటుంది, అది వదిలెయ్యండి.

మంచిది కావాలంటే మన చుట్టుపక్కలే ఉన్నాయి, దూరం ఆలోచించొద్దు. నంది కొండల కింద గ్రోవర్‌వాళ్ళ తోటలు, నాసిక్‌లో సులా, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ, హంపి దగ్గర క్రష్మా. హంపి అంటే మనకి పక్కూరే కదా, బళ్ళారి దాటితే వచ్చేస్తుంది, అక్కడ క్యాబర్నే సావిన్యోన్, సాంజోవేసే అనే వైన్ ద్రాక్షలు పండుతున్నాయని మన గుంతకల్లోళ్ళకే చాలామందికి తెలీదు.

వీటిల్లో పఫ్‌కి నా ఓటు సాంజోవేసేకి. ఇటలీ ద్రాక్ష, పులుపు బాగా ఉంటుంది. పులుపెందుకంటే, బేకరీ పఫ్ పొరల్లో వేసేది చాలాచోట్ల మార్జరిన్ అనే డాల్డా లాంటి కొవ్వు, అది వెన్న కన్నా ఎక్కువ వేడికి గానీ కరగదు, చల్లారిన పఫ్ తింటే అంగిలికి మైనం మాదిరి అంటుకునేది అదే. దాన్ని కడగాలంటే పులుపు కావాల, బజ్జీల మీద నిమ్మకాయ పిండినట్టు. ఖీమాలో టమోటా వేసే అలవాటుంటే పుల్లటి వైన్ ఇంకా బాగా కలుస్తుంది, పులుపు లేని వైన్ టమోటా పక్కన చప్పగా పడిపోతుంది. సాంజోవేసే దొరక్కపోతే జిన్‌ఫాండెల్ రెడ్ గానీ మెర్లో గానీ తీసుకోండి, షిరాజ్ తీసుకుంటే ఓక్ పీపాలో పెట్టనిది, తక్కువ రేటుదే తీసుకోండి, ఇక్కడ రేటు తక్కువున్నదే ఎక్కువ పనికొస్తుంది. సులా దిండోరి రిజర్వ్ షిరాజ్, గ్రోవర్ లా రిజర్వ్ లాంటివి ఓక్‌లో ఉంచి చేసేవి, బాగుంటాయి, వాటిని కారం లేని రోజుకి దాచుకోండి. పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకునేటట్టయితే ఎక్సైజు రూల్ ముందు కనుక్కోండి, చెక్‌పోస్ట్ కాడ నా కాలమ్ చూపిస్తే వదలరు.

మీ స్నేహితుడి ఇంట్లో ఖీమాలో కిస్‌మిస్ వేస్తారు, ఇంకెక్కడైనా వేస్తారా అని కూడా అడిగినారు. చిలీలో వేస్తారు. వాళ్ళ ఎంపనాడా దే పీనోలో బీఫ్, ఉల్లిపాయ, కిస్‌మిస్, నల్ల ఆలివ్, గుడ్డు. వాళ్ళ వైన్ కార్మెనేర్, పచ్చి క్యాప్సికం వాసన కొడుతుంది, మా ఇంటామెకి నచ్చదు. ఆ ద్రాక్షని చిలీవాళ్ళు మెర్లో అనుకుని ఏళ్ళ తరబడి పెంచుకున్నారు, 1994లో బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చి తీగలు చూసి ఇది మెర్లో కాదయ్యా అని చెప్పినాడు. అంతదాకా వాళ్ళూ బోర్డు ఒకటి, లోపల ఒకటి!

ప్రశ్న (గుంతకల్లు): మా తాత కేజీఎఫ్ గనుల్లో పనిచేసినాడు. దొరలు అర్ధచంద్రం మాదిరి బీఫ్ రొట్టె గనిలోకి తెచ్చుకునేవాళ్ళని, దాన్ని ప్యాస్టీ అనేవాళ్ళని చెప్పేవాడు. మా నానమ్మ అది చూసి నేర్చుకుని క్రిస్మస్‌కి చేసేది, ఇప్పుడు నేను చేస్తున్నా. దానికి ఏ రెడ్ బాగుంటుంది? ఇంట్లో పెట్టే ద్రాక్ష వైన్ సరిపోతుందా?

జవాబు: మీ తాత చెప్పింది నిజమే. కోలార్ గనుల్లో ఇంగ్లండులో కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనోళ్ళు చాలామంది ఉండినారు, ప్యాస్టీ వాళ్ళ ఊరి తిండి. బీఫ్ ముక్కలు, ఆలుగడ్డ, ఉల్లిపాయ, స్వీడ్ అనే దుంప, ఉప్పు, మిరియాలు, అంతే. మాంసం పచ్చిదే పిండిలో పెట్టి లోపలే ఉడకనిస్తారు, ఆ రసం పిండి లోపల పీల్చుకుంటుంది. 2011 నుంచి ఐరోపాలో కార్నిష్ ప్యాస్టీ అని పేరు పెట్టాలంటే కార్న్‌వాల్‌లోనే చేసుండాల, మన బందరు లడ్డుకి ఉన్నట్టు గుర్తింపు. మీరు గుంతకల్లు ప్యాస్టీ అని పెట్టుకోండి, ఎవరూ అడగరు.

ఇందులో కారం లేదు చూడండి, మిరియాలే. మిరియం షిరాజ్‌లో కూడా వాసనగా ఉంటుంది, రెండూ చుట్టాలు. అందుకే ఇప్పటిదాకా నేను వద్దు వద్దన్న గట్టి రెడ్లన్నీ ఇక్కడ రావొచ్చు, షిరాజ్, క్యాబర్నే, ఓక్‌లో పెట్టినవి కూడా. దుంపల్లో కాస్త తీపి ఉంటుంది కాబట్టి నేనైతే మెత్తటి మెర్లోతో మొదలుపెడతా. ఇదే ప్యాస్టీని కార్న్‌వాల్ వాళ్ళు మెక్సికోలో ఇదాల్గో వైపు వెండి గనులకి కూడా తీసుకుపోయినారు, అక్కడోళ్ళు దానికి పాస్తే అని పేరు పెట్టుకుని లోపల వాళ్ళ మిరపకాయ కూరినారు, అప్పుడది మళ్ళీ కర్నూలు అత్త సమస్యలోకి వచ్చేసింది.

మీ నానమ్మ చేసిన దాంట్లో కేజీఎఫ్ ఎంత, గుంతకల్లు ఎంత అనేది నాకు తెలియాల. పచ్చిమిర్చి, అల్లం చేరి ఉంటే ఇంటి ద్రాక్ష వైనే పొయ్యండి, క్రిస్మస్ వైన్‌లో చక్కెర, లవంగం, చెక్క పడతాయి కాబట్టి కారం పక్కన అది బాగా నిలబడుతుంది. మిరియాలు మాత్రమే ఉంటే ఆ తీపి వైన్ పక్కన ప్యాస్టీ చప్పగా, ఉప్పు తక్కువైనట్టు అనిపిస్తుంది, అప్పుడు దాన్ని కేక్ కోసం దాచండి.

ప్రశ్న (ప్రొద్దుటూరు): ఏమయ్యా, తాగేదీ తినకూడనిదీ పత్రికలో రాయడానికి మీకు వేరే సంగతులే దొరకలేదా?

జవాబు: దొరికినాయి పెద్దాయనా, పక్క పేజీలో ఓళిగలు ఉన్నాయి, మీ కోసం నెయ్యి ఎక్కువ వేసి రాసినారు. తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళు తినరు, ఉత్తరం రాసినోళ్ళకి నేను జవాబు రాస్తాను, మీకు రాసినట్టే.

ప్రశ్న (కర్నూలు, పాతబస్తీ): భాయ్, మా ఇంట్లో పెళ్ళిళ్ళకి లుఖ్మి చేస్తాం, చదరంగా కోసిన మైదా పొరల్లో బీఫ్ ఖీమా. చేసేది మేము, తినేది మేము, కానీ మేము తాగం. మీరు ప్రతిసారీ వైన్ గురించే రాస్తారు. మాకేం లేదా?

జవాబు: ఇది మొదటి పేజీలో రావాల్సిన ఉత్తరం భాయ్. మన జిల్లాల్లో ఖీమాని పిండిలో పెట్టడం బాగా తెలిసినోళ్ళు ఎక్కువమంది మీ ఇళ్ళల్లోనే ఉన్నారు, వాళ్ళు గ్లాసు ముట్టరు. కాబట్టి వైన్ చేసే పనులేవో చూసి అవే పనులు చేసేవి వేరేచోట వెతకాల. వైన్ చేసేవి మూడే. వగరు, పులుపు, పండు. ఆల్కహాల్ ఎట్లాగూ మన కారానికి శత్రువే అని పైన రాసినా, అది లేకపోవడం మీకు లాభమే.

సులేమానీ చాయ్‌లో వగరూ పులుపూ రెండూ ఉన్నాయి. డికాషన్ కాస్త గట్టిగా, నిమ్మరసం ఎక్కువగా, చక్కెర అర చెంచా. వేడి చాయ్ అంగిలికి అంటుకున్న కొవ్వుని కరిగిస్తుంది, ఈ పని చల్లటి వైన్ కూడా చెయ్యలేదు. కాకపోతే వేడి కారాన్ని పెంచుతుంది, నోరు మండేవాళ్ళకి అదే చాయ్ చల్లార్చి ఇవ్వండి.

దానిమ్మ రసం ఇంకా దగ్గర. మా అనంతపురం వైపు దానిమ్మ తోటలు బాగా ఉన్నాయి, గింజలు మిక్సీలో వెయ్యకుండా గుడ్డలో వేసి చేత్తో పిండండి, మిక్సీలో వేస్తే గింజ పగిలి చేదొస్తుంది. చక్కెర వెయ్యొద్దు, చిటికెడు ఉప్పు, కావాలంటే నాలుగు చుక్కల నిమ్మరసం. గ్లాసులో పోస్తే చూసేవాళ్ళు అనుమానపడతారు, అంత ఎరుపు. జూన్, జులైలో అయితే నేరేడు పండు గుజ్జుని నీళ్ళల్లో పిసికి వడకట్టి చల్లగా ఇవ్వండి. వగరుకి దాన్ని మించింది లేదు. ఖీమాలో పుదీనా ఎక్కువ వేసే ఇల్లయితే మాత్రం నేరేడు కుదరదు, రెండూ కొట్టుకుంటాయి, అప్పుడు దానిమ్మే.

ఈసారి పెళ్ళికి చేసినప్పుడు నాకో పది లుఖ్మి పంపండి, అడ్రస్ పత్రిక ఆఫీసులో ఇస్తారు. కారం తగ్గించొద్దు, నేను చాయ్‌తోనే తింటా.